పటాన్‌చెరు నీళ్లలో యాంటీబయాటిక్స్

పరిశ్రమల కాలుష్యం అనగానే రంగు మారిన నీళ్లు, నురగ, ఘాటైన వాసన గుర్తొస్తాయి. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లకు ఈ మూడూ కొత్త కాదు. ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిశాయి, ఆ వాగు పోయి మంజీరలో కలుస్తుంది. బోర్లు, పొలాలు పాడయ్యాయి. 1990లోనే వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. అయితే అక్కడి నీళ్లలో కంటికి కనిపించని, ముక్కుకు తెలియని ప్రమాదం ఇంకొకటి ఉంది. నా దృష్టిలో అదే అన్నిటికన్నా పెద్దది.

పటాన్‌చెరులో దాదాపు 90 బల్క్ డ్రగ్ (మాత్రల్లో వేసే అసలు మందు) కంపెనీల వ్యర్థ జలాలు వచ్చే ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉండేది. శుద్ధి చేసి బయటికి వదిలిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించింది. ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు డాక్టర్లు తరచుగా రాసే మందే అది. 500 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో కూడా లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములకు మించి ఉండదు. రోజుకు సుమారు 45 కిలోల మందు ఇలా పోతోందని వాళ్లు లెక్కగట్టారు. అంటే 90 వేల మాత్రలు! స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడేంత. ఆ తర్వాత 2009లో దగ్గరి చెరువుల్లో, ఊరి బావుల్లో కూడా మందుల ఆనవాళ్లు దొరికాయి.

మందే కదా, విషం కాదు కదా అనిపించవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. బ్యాక్టీరియా తన డీఎన్ఏను విప్పుకోవడానికి, చుట్టుకోవడానికి గైరేజ్ అనే ఎంజైమ్ కావాలి. సిప్రోఫ్లాక్సాసిన్ దాన్ని పట్టేసి ఆ పని ఆపేస్తుంది. కోట్ల బ్యాక్టీరియాలో కొన్నిటికి ఆ ఎంజైమ్ కాస్త వేరుగా ఉంటుంది, కొన్ని లోపలికొచ్చిన మందును బయటికి తోడేస్తాయి. మిగతావి చస్తాయి, ఇవి బతికి పెరుగుతాయి. పైగా మందును తట్టుకునే జన్యువులు కొన్ని ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్ఏ చుట్టల్లో ఉంటాయి. బ్యాక్టీరియా వాటిని పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందిస్తుంది.

శుద్ధి కేంద్రాలు పనిచేసేదే బ్యాక్టీరియాతో. పటాన్‌చెరులో ఆ ప్రక్రియ బాగా సాగాలని మరుగుదొడ్ల మురుగు కూడా కలిపేవారు. అంటే మనిషి పేగుల్లోని బ్యాక్టీరియా, మోతాదుకు మించిన యాంటీబయాటిక్ ఒకే ట్యాంకులో రోజుల తరబడి కలిసి ఉన్నాయన్నమాట. మందుకు లొంగని రకాలు పుట్టడానికి ఇంతకన్నా అనువైన చోటు ఏముంటుంది?

అక్కడి నుంచి అవి సాగునీటితో, ఆకుకూరలతో, పశువులతో, చేతులతో మనుషుల్లోకి చేరగలవు. నీళ్లు మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది గానీ మందు పోదు. లోపలికి చేరిన బ్యాక్టీరియా ఏ జబ్బూ చేయకుండా నెలల తరబడి పేగుల్లో ఉండిపోవచ్చు. ఆపరేషన్ అయినప్పుడో, పుట్టిన బిడ్డకు సెప్సిస్ (ఒంటినంతా దెబ్బతీసే తీవ్ర ఇన్‌ఫెక్షన్) సోకినప్పుడో ఇచ్చిన మందు పనిచేయదు. అప్పుడు కేసు షీట్‌లో జబ్బు పేరే రాస్తారు, వాగు పేరు రాయరు. అవసరం లేకున్నా యాంటీబయాటిక్స్ వాడటం కూడా ఈ సమస్యకు పెద్ద కారణమే. ఫలానా రోగికి ఫలానా కాలువ వల్లే వచ్చిందని తేల్చడం చాలా కష్టం. కాబట్టే కాలుష్యం వాటా ఎవరి లెక్కల్లోకీ రావడం లేదు.

వ్యర్థ జలాలకు బీఓడీ, సీఓడీ (నీటిలోని మలినాలు ఎంత ఆక్సిజన్‌ను లాగేస్తాయో చెప్పే కొలతలు), పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) లాంటి పరీక్షలున్నాయి. అవన్నీ పాసైన నీటిలో కూడా యాంటీబయాటిక్ ఉండొచ్చు. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలపై మార్గదర్శకాలు ఇచ్చింది గానీ అవి ఏ కంపెనీనీ కట్టడి చేయలేవు.

ఈ మందును ఫ్యాక్టరీ గేటు దాటకముందే, మురుగుతో కలవకముందే ఆపాలి. కొలవడం కష్టమనే మాట నేను ఒప్పుకోను. మందు స్వచ్ఛత చూడటానికి ప్రతి బ్యాచ్‌నూ హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో (ద్రవంలోని రసాయనాలను విడదీసి కొలిచేది) పెట్టే కంపెనీలు ఇవి. లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉన్న మందును పట్టుకోవడం ఆ యంత్రానికి పెద్ద పని కాదు. అమ్మే మందుకు చేసే పరీక్ష వదిలే నీటికీ చేసి, ఆ అంకెలు వాగు దిగువనున్న ఊళ్ల జనానికి తెలిసేలా పెట్టాలని చట్టం అడగాలి.