ఉచ్చారణ ముందా, మాటలు ముందా: 1991లో తిరిగిన మలుపు

కొత్త భాష మొదలుపెట్టినవాళ్లకు ధ్వనులు ముందే నేర్పాలా, నాలుగు మాటలు వచ్చాక దిద్దుకోవచ్చా అన్న వాదన మళ్లీ రాజుకుంది. 1886లో పారిస్‌లో భాషా ఉపాధ్యాయులు ధ్వనిశాస్త్ర సంఘం పెట్టుకున్నప్పటి సంగతులు, వాక్యాలను పదేపదే వల్లెవేయించే ఆడియోలింగువల్ డ్రిల్లులు, వాటిపై విసుగుతో 1970ల్లో వచ్చిన, అర్థమయ్యేలా మాట్లాడటమే ముఖ్యమనే కమ్యూనికేటివ్ పద్ధతి పాత సంగతులే. నేటి తగువును తేల్చేది 1991 నాటి ఒక ప్రయోగం.

అంతకుముందు ‘తర్వాత చూద్దాం’ అనేవాళ్లదే పైచేయి. ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పసివాళ్లు ఆరెనిమిది నెలల వయసులో హిందీ ట, త ల తేడా పసిగడతారని, ఏడాది నిండేసరికి ఆ నేర్పు సన్నగిల్లుతుందని వెర్కర్, టీస్ అనే పరిశోధకులు 1984లో చూపించారు. అలాంటప్పుడు పెద్దవాళ్ల చెవితో కుస్తీ ఎందుకన్నది ‘తర్వాత చూద్దాం’ అనేవాళ్ల ప్రశ్న. ఇంగ్లీషు ర, ల ల తేడా పట్టుకోలేని జపనీయులకు యంత్రంతో తయారుచేసిన ‘రాక్’, ‘లాక్’ శబ్దాలు వినిపించి శిక్షణ ఇచ్చినా, మనుషులు పలికిన మాటల దగ్గరికి వచ్చేసరికి ఫలితం కనబడలేదు.

లోగన్, లైవ్లీ, పిసోనీ అనే పరిశోధకులు 1991లో జపనీయులతోనే, సరిగ్గా అక్కడే పద్ధతి మార్చారు. ఐదుగురి సహజమైన గొంతులు తీసుకున్నారు. ర, ల ధ్వనులు మాట మొదట్లో, మధ్యలో, చివర, జంట హల్లుల్లో వచ్చేలా చూశారు. విన్నది ఏ మాటో చెప్పగానే తప్పొప్పులు అక్కడికక్కడే తెలిసేవి. మూడు వారాల్లో సరైన జవాబులు సుమారు 78 శాతం నుంచి 86కు పెరిగాయి. పెరిగింది ఎనిమిదే అయినా, ఎన్నడూ వినని మాటల్లోనూ ఆ మెరుగు నిలిచింది. ఒక్క గొంతుతోనే సాధన చేయించినవాళ్లు కొత్త గొంతు రాగానే తడబడ్డారని 1993లో తేలింది. 1997లో బ్రాడ్‌లో బృందం ఇంకో మెట్టెక్కింది: వినడంలో మాత్రమే శిక్షణ పొందినవాళ్ల పలుకు కూడా మెరుగుపడింది.

మరి ఇదంతా మొదట్లోనే ఎందుకు? తెలుగు నేర్చుకునే ఇంగ్లీషు మనిషిని చూడండి. త పలకాలంటే నాలుక పళ్లకు తగలాలి, ట కు వెనక్కి మడవాలి. అతని సొంత ధ్వని రెండింటి నడుమ, పైచిగురు దగ్గర పుడుతుంది. అందుకే ‘పాట’, ‘పాత’ అతనికి ఒకేలా వినిపిస్తాయి. రోమన్ లిపిలో రాసుకుంటే రెంటికీ అదే అక్షరం పడి తప్పు ఇంకా గట్టిపడుతుంది. అలా అయిదొందల మాటలు పోగయ్యాక చెవి తెరుచుకున్నా, ఏ మాటలో ట ఉందో, దేనిలో త ఉందో ఒక్కొక్కటిగా మళ్లీ నేర్చుకోవాల్సిందే. ‘గుడి’, ‘గుడ్డి’ దగ్గరా ఇదే చిక్కు. అక్కడ తేడా నాలుక ఎంతసేపు ఆగిందన్నదే.

యాస గట్టిగా ఉన్నా మాట పూర్తిగా అర్థం కావచ్చని మన్రో, డెర్వింగ్ అనే పరిశోధకులు 1995లో చూపిన మాట నిజం. నోరు తెరిచిన ప్రతిసారీ దిద్దితే నేర్చుకునేవాళ్లు బిగుసుకుపోతారు, అదీ నిజమే. కానీ యాస వేరు, రెండు మాటలు ఒకటిగా వినబడటం వేరు.

మొదటి వారాల్లో రోజుకు పది నిమిషాలు చాలు. ఒకసారికి ఒకే ధ్వని జంట, కనీసం నాలుగు గొంతులు, ఎదురుగా అక్షరాలు లేకుండా ఇరవై మాటలు, ప్రతి జవాబుకూ వెంటనే తప్పో ఒప్పో. పలికించడం ఆ తర్వాతే. పాఠమంతా ఒకే గొంతుతో రికార్డు చేసిన యాప్‌తో ఈ సాధన కుదరదు. 1993లో తడబడినవాళ్లు విన్నదీ ఒక్క గొంతే.