సీసాకి చిల్లు పెట్టండి: అంతరిక్ష పాఠాల్లో అపోహలు - వాస్తవాలు

ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మనవాళ్లను అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ వార్త పేపర్లో వచ్చిన రోజు క్లాసులోనూ, పేరెంట్స్ మీటింగ్‌లోనూ తప్పకుండా వినపడే మాటలివి.

అపోహ: అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదు.

ఈ మాట పిల్లలకు ఎక్కించిన పాపంలో నాకూ వాటా ఉంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో. అంత ఎత్తు మేడ కట్టి, పైన కాటా పెట్టి నిలబడితే, ఇక్కడ 50 కిలోల మనిషి అక్కడ 44 కిలోలు తూగుతాడు. మరి వ్యోమగాములు తేలడమేంటి? కేంద్రం, అందులోని మనుషులు అందరూ కలిసి పడుతూనే ఉంటారు. గంటకు దాదాపు 28 వేల కిలోమీటర్ల వేగంతో పక్కకు దూసుకుపోతుంటారు కాబట్టి నేలను తాకరు, అంతే.

ఇది బోర్డు మీద చెబితే తలలూపుతారు గానీ ఎక్కదు. ప్లాస్టిక్ సీసాకి అడుగు దగ్గర చిల్లు పెట్టి, నీళ్లు నింపి, మూత తీసి మేడమీంచి వదలండి. చేతిలో ఉన్నంతసేపూ కారిన నీళ్లు, సీసా పడుతున్నప్పుడు ఆగిపోతాయి. మొదటిసారి ఎవరూ నమ్మరు. ఫోన్లో స్లోమోషన్ వీడియో తీసి చూపించాలి. (హెడ్‌మాస్టర్ గారికి ముందే చెప్పుకోండి, వరండా తడుస్తుంది.)

అపోహ: ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ లేకపోతే అంతరిక్ష కల ఇక అంతే.

ఈ టెన్షన్ పిల్లలది కాదు, నాన్నలది. గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ వాయుసేన టెస్ట్ పైలట్లు. ర్యాంకుతో ఇస్రోకు వెళ్లే దారీ ఉంది, కాదనను. కానీ ఇప్పుడే అందేది యువిక అనే శిక్షణ కార్యక్రమం. తొమ్మిదో తరగతి వాళ్ల కోసం ఇస్రో 2019లో మొదలుపెట్టింది. పల్లెటూరి బడి పిల్లలకు వెయిటేజీ ఉంది, ఖర్చు ఇస్రోదే. నోటిఫికేషన్ చూసుకోక మా పిల్లలకు ఒక ఏడాది పోగొట్టాను.

అపోహ: ల్యాబ్ లేనిదే ఇవన్నీ కుదరవు.

2025లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రంలో మొలకెత్తించినవి మెంతులు, పెసలు. మేమూ తడి దూదిలో పెసలు మొలకెత్తించి, వేరు దిగాక గ్లాసు తలకిందులు చేశాం. రెండు రోజుల్లో వేరు వంపు తిరిగి మళ్లీ కిందికే వచ్చింది. "అక్కడ కింద అనేదే తెలియదు కదా సార్, మరి ఎటు పోతుంది?" అని ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది. ఆ పీరియడ్ దానికే సరిపోయింది.

అపోహ: కళ్లద్దాలుంటే వ్యోమగాములుగా పనికిరారు.

నాసాలో అద్దాలతో చూపు సరిగ్గా ఉంటే చాలు.

అపోహ: టీచర్లకు అక్కడ పనేముంది?

బడిపంతుళ్లుగా పనిచేసిన నాసా వ్యోమగాములు జో అకాబా, రికీ ఆర్నాల్డ్ 2017-18లో ఒకరి తర్వాత ఒకరు అంతరిక్ష కేంద్రంలో ఉన్నారు. ఇది చెప్పగానే "మరి మీరు అప్లై చేయలేదేం సార్?" అన్నారు మావాళ్లు. అమెరికా పౌరసత్వం కావాలని చెప్పి తప్పించుకున్నాను.