మెత్తగా దిగితే మంచి రమ్మేనా?

పోయిన చలికాలం మా ఫ్రెండ్ ఒకడు అమెరికా నుంచి వస్తూ మూడు రమ్ము సీసాలు తెచ్చాడు. ఒకటి బార్బడోస్‌ది, ఒకటి జమైకాది, మూడోది లాటిన్ అమెరికాలో తయారైన ఖరీదైన సీసా. థమ్సప్ పక్కన పెట్టేసి, చిన్న గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసుకుని, ఏది బాగుందో తేలుద్దామని నలుగురం కూర్చున్నాం. జమైకా సీసా మూత తీయగానే ఒకడు మొహం పక్కకు తిప్పుకున్నాడు, "నెయిల్ పాలిష్ వాసనొస్తోందిరా" అంటూ. మూడోది గుక్క వేయగానే అందరిదీ ఒకే మాట: "ఎంత మెత్తగా దిగిందో!" ఓట్లు వేస్తే అదే గెలిచింది. నా ఓటూ దానికే పడింది.

ఇవాళైతే ఆ ఓటు జమైకాకి వేస్తాను. ఎందుకో చెప్పాలంటే ఊట దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

నాటుసారా వార్తల్లో "బెల్లం ఊట ధ్వంసం" అని చదువుతుంటాం కదా, ఆ ఊటే. రమ్ముకి బెల్లం బదులు ఎక్కువగా మొలాసిస్ వాడతారు. చెరకురసం నుంచి పంచదార తీసేశాక ఫ్యాక్టరీలో మిగిలే నల్లటి, చిక్కటి మడ్డి అది. దాన్ని నీళ్ళతో పలచన చేసి ఈస్ట్ వేస్తే ఒకటి రెండు రోజుల్లో పులిసి ఆల్కహాల్ తయారవుతుంది. ఆ ఊటని కాలమ్ స్టిల్‌లో, అంటే ఎత్తైన స్తంభం లాంటి బట్టీలో కాస్తే పెద్దగా వాసన లేని, శుభ్రమైన స్పిరిట్ దిగుతుంది. ఈనియస్ కాఫీ 1830లో పేటెంట్ తీసుకున్న యంత్రానికి వారసులే ఈ స్టిల్స్. ప్రపంచంలో ఎక్కువ రమ్ము ఇలాగే వస్తుంది.

జమైకాలో హ్యాంప్డెన్ అనే పాత ఎస్టేట్ వాళ్ళకి ఆ తొందర లేదు. బయట కొన్న ఈస్ట్ వేయరు. గాలిలో, చెక్క తొట్ల గోడల్లో కాపురముండే ఈస్టే ఊటని వారం, రెండు వారాల పాటు పులియబెడుతుంది. అంతకుముందు కాచినప్పుడు బట్టీ అడుగున మిగిలిన పుల్లటి ద్రవాన్ని మళ్ళీ ఊటలో పోస్తారు. దాని పేరు డండర్. ఇన్ని రోజులు నిలవుంటే ఈస్ట్‌తో పాటు బ్యాక్టీరియా కూడా పనిలోకి దిగుతుంది, రకరకాల ఆమ్లాలు పుట్టిస్తుంది. అందులో బ్యుటిరిక్ ఆమ్లం ఒకటి. పాడైన వెన్నలో ముక్కు మూసుకునేలా చేసేది అదే.

రమ్ములో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించే సంగతి దీని తర్వాత జరిగేదే. ఆ కంపు కొట్టే ఆమ్లం ఆల్కహాల్‌తో కలిసినప్పుడు ఒక నీటి అణువు బయటికి పోయి, ఇథైల్ బ్యుటిరేట్ మిగులుతుంది. దాని వాసన అచ్చం పండిన అనాసపండు! ఆమ్లమూ ఆల్కహాలూ కలిసి పుట్టే ఇలాంటి పదార్థాలని ఎస్టర్లు అంటారు. మిగలముగ్గిన అరటిపండులో, వీధి చివరికి వాసన కొట్టే పనసపండులో ఉండేవీ ఎస్టర్లే. మావాడు మొహం తిప్పుకున్న నెయిల్ పాలిష్ వాసన ఇథైల్ ఎసిటేట్‌ది, అదీ ఎస్టరే. హ్యాంప్డెన్‌లో అన్నిటికంటే ఘాటైన రకంలో, వంద లీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్ లెక్కన 1,600 గ్రాముల దాకా ఎస్టర్లు ఉంటాయి. నేరుగా తాగడం కష్టం, మిఠాయిల వాసనకీ, వేరే రమ్ముల్లో కలపడానికీ వాడతారు. తాగడానికి సీసాల్లోకి వచ్చేవి సాధారణంగా అంతకన్నా తేలికపాటి రకాలు.

తర్వాత పీపాలు. ఎక్కువగా అమెరికన్ బర్బన్ విస్కీ నిలవుంచి ఖాళీ చేసిన ఓక్ పీపాలు, ఒక్కోటి సుమారు 200 లీటర్లు పడుతుంది. కాల్చిన ఓక్ చెక్కలోంచి వెనీలిన్ దిగుతుంది కాబట్టి రమ్ముకి వెనీలా వాసన అంటుకుంటుంది. పీపాలోంచి ఏటా కొంత ఆవిరైపోతుంది కూడా. స్కాట్లాండ్ చలిలో అది 2 శాతం దగ్గర ఉంటే, కరీబియన్ వేడిలో 6 శాతం, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. ఈ లెక్కన 12 ఏళ్ళకి స్కాట్లాండ్ పీపాలో 157 లీటర్లు మిగిలితే, కరీబియన్ పీపాలో 95 లీటర్లే మిగులుతుంది. అందుకే అక్కడి 12 ఏళ్ళ రమ్ముకి ఆ ధర. జమైకాలో సీసా మీద 12 అని వేస్తే అందులో అన్నిటికంటే చిన్న రమ్ము వయసు 12 ఏళ్ళు ఉండాలి. కొన్ని దేశాల సీసాల మీద పెద్ద అంకె మాత్రమే కనిపిస్తుంది. అది లోపలున్న అతి పాత రమ్ము వయసు కావచ్చు, అదెంత కలిపారో ఎక్కడా ఉండదు.

మళ్ళీ ఆ మూడో సీసా దగ్గరికి వస్తాను. ఆ రాత్రి గ్లాసులు కడక్కుండానే పడుకున్నాం. తెల్లారి చూస్తే మూడో రమ్ము పోసిన గ్లాసు చుట్టూ చీమలు, అడుగున వేలికి జిగురుగా అంటుకునే పొర. మిగతా రెండూ పొడిగా ఉన్నాయి. కాచి దింపిన స్పిరిట్‌లో చక్కెర ఉండదు, అది ఆవిరిగా పైకి లేవదు కాబట్టి. మరి ఈ జిగురు ఎక్కడిది?

పాల కేంద్రంలో లాక్టోమీటర్ చూసినవాళ్ళకి దీన్ని పట్టుకోవడం ఎలాగో ఇట్టే అర్థమవుతుంది. పాలల్లో నీళ్ళు కలిపితే సాంద్రత తగ్గి లాక్టోమీటర్ పట్టేస్తుంది. దాన్ని ఏమార్చడానికి చక్కెర కలిపేవాళ్ళూ ఉన్నారు, చక్కెర సాంద్రతని మళ్ళీ పైకి లేపుతుంది. రమ్ములో ముంచే ఆల్కహాల్ హైడ్రోమీటర్ కూడా సాంద్రతనే చూస్తుంది. ఆల్కహాల్ ఎక్కువైతే ద్రవం తేలికవుతుంది, చక్కెర కలిస్తే బరువెక్కుతుంది. కాబట్టి సీసా మీద 40 శాతం అని ఉండి హైడ్రోమీటర్ అంతకంటే తక్కువ చూపిస్తే మధ్యలో ఏదో కరిగి ఉన్నట్టు. ఒక్కో శాతం తేడాకి లీటరుకు సుమారు 4 గ్రాముల చక్కెర అని లెక్క. పీపా చెక్కలోంచి దిగే పదార్థాలు కూడా కొంచెం తేడా తెస్తాయి, అందుకని ఒక శాతం తేడాని పట్టించుకోనక్కర్లేదు.

ఒక జాగ్రత్త. హైడ్రోమీటర్ గుర్తులు మామూలుగా 20 డిగ్రీల దగ్గర వేసినవి. హైదరాబాద్ ఎండాకాలంలో 30 డిగ్రీల రమ్ములో ముంచితే అసలుకంటే 4 శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది, చక్కెర తెచ్చిన తేడా అందులో కప్పబడిపోతుంది. అందుకే సీసాని ఫ్రిజ్‌లో పెట్టి, థర్మామీటర్ వేసి, 20కి వచ్చాక కొలిచాను. సీసా మీద 40, హైడ్రోమీటర్ మీద 33. అంటే లీటరుకు దాదాపు 28 గ్రాములు, 750 మిల్లీలీటర్ల సీసాలో ఐదు చెంచాల పంచదార. యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన నిబంధన ప్రకారం రమ్ము అని పేరు పెట్టాలంటే తీపి లీటరుకు 20 గ్రాములు దాటకూడదు. జమైకా నిబంధనలు చక్కెర కలపడాన్నే ఒప్పుకోవు. మనం మెచ్చుకున్న ఆ మెత్తదనంలో పీపా పని ఎంతో, పంచదార పని ఎంతో నాలుక చెప్పలేదు. తీపి రమ్ము ఇష్టపడటంలో తప్పేం లేదు, నాకూ ఇష్టమే. కానీ అది ఏళ్ళ తరబడి నిలవుండి వచ్చిన గుణం అనుకుని డబ్బు పెడుతున్నాం, అదే నాకు బాధ.

సాంద్రతతో మన సీసాలకీ ఒక చుట్టరికం ఉంది. 1954 నుంచి దొరికే ఓల్డ్ మంక్ మీద 42.8 శాతం అని ఉంటుంది. అంత వింత అంకె ఎందుకంటే, పాత బ్రిటిష్ పన్ను లెక్కలో ఘాటుని ప్రూఫ్‌లలో కొలిచేవాళ్ళు; 100 ప్రూఫ్ అంటే మన లెక్కలో 57.1 శాతం, అందులో నాలుగింట మూడొంతులు 42.8. అంతే కొలత నీటి బరువులో పదమూడింట పన్నెండు వంతులు తూగే స్పిరిట్‌ని 100 ప్రూఫ్‌గా నిర్ణయించారు. బ్రిటిష్‌వాళ్ళు పోయినా ఆ లెక్క మన లేబుళ్ళ మీద మిగిలింది.

ఏవి కొనాలని అడిగేవాళ్ళకి నేను ముందుగా చెప్పేది జమైకా ఆపిల్టన్ 12 ఏళ్ళది. దానికి 1997లో మాస్టర్ బ్లెండర్, అంటే వేర్వేరు పీపాల రమ్ములు కలిపి రుచి తేల్చే మనిషి, అయిన జాయ్ స్పెన్స్ కెమిస్ట్రీ చదివినావిడ, అలాంటి పదవికి వచ్చిన తొలి మహిళ. నారింజ తొక్క వాసన, ఓక్, వాటి వెనక కొంచెం జమైకా ఘాటు. పక్కనే బార్బడోస్ ఫోర్‌స్క్వేర్‌లో తయారయ్యే డోర్లీస్ 12 పెట్టుకోండి, చక్కెర లేకుండా కూడా మెత్తగా ఉండొచ్చని అర్థమవుతుంది. మొలాసిస్ కాకుండా నేరుగా చెరకురసంతో చేసేది రుచి చూడాలంటే మార్టినిక్ రమ్ములున్నాయి, కోసిన గడ్డి వాసన వస్తాయి. మారిషస్‌లో షామరెల్ వాళ్ళు చేసేదీ చెరకురసంతోనే. ఒకప్పుడు కోరంగి రేవు నుంచి ఓడెక్కి వెళ్ళిన మనవాళ్ళు చెమటోడ్చింది ఆ దీవి చెరకు తోటల్లోనే. హ్యాంప్డెన్ చివరికి ఉంచండి, దాని తర్వాత ఇంకేదీ ముక్కుకి ఆనదు.

ఒక్కోటి 15 మిల్లీలీటర్లు చాలు. పోశాక పది నిమిషాలు వదిలేస్తే ముందు నెయిల్ పాలిష్ వాసన ఎగిరిపోతుంది, బరువైన ఎస్టర్లు గ్లాసులో నిలుస్తాయి. ఒక చెంచా నీళ్ళు వేసి మళ్ళీ వాసన చూడండి. ఆ రోజు మొహం తిప్పుకున్నవాడికి సంక్రాంతికి ఇలాగే ఇచ్చాను. ఏం మాట్లాడకుండా రెండుసార్లు వాసన చూసి, "ఎవరైనా అనాసపండు కోశారా?" అని వంటింటి వైపు చూశాడు.