నోటరీ అయిపోయింది సార్, ఇల్లు నాదే కదా?

హైదరాబాద్‌లో కృష్ణానగర్, ఇందిరానగర్, యూసుఫ్‌గూడ వైపు నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది సినిమా పనివాళ్లే. ఎడిటర్లు, మేకప్‌వాళ్లు, ఏళ్ల తరబడి అసిస్టెంట్ డైరెక్టర్లుగా ఉన్నవాళ్లు. స్టూడియోలకి దగ్గర, ఏ అర్ధరాత్రి ప్యాకప్ అయినా ఇంటికి చేరొచ్చు, పొద్దున్నే యూనిట్ బండి గల్లీ చివరే ఆగుతుంది. ఇక్కడే సొంతిల్లు కావాలనుకోవడంలో తప్పేం లేదు. లింక్ డాక్యుమెంట్లు, అంటే ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత దస్తావేజులు, చూసి లీగల్ ఒపీనియన్ ఇవ్వడమే నా పని కాబట్టి నా గొడవంతా వాళ్లు తెచ్చే కాగితాలతోనే.

అపోహ: నోటరీ అంటే సగం రిజిస్ట్రేషన్ అయినట్టే.

కాదు. సగం కాదు, పావు కూడా కాదు. ఫలానా మనిషి నా ఎదుట సంతకం పెట్టాడని నోటరీ ముద్ర వేస్తాడు, అంతే. ఆ మనిషికి స్థలం మీద హక్కుందా లేదా అన్నది ఆయన చూడడు. 100 రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్డ్ దస్తావేజుతోనే జరగాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ చెబుతోంది. జీపీఏ (తన తరఫున వ్యవహరించమని యజమాని ఇచ్చే అధికార పత్రం), అమ్మకం అగ్రిమెంట్, వీలునామా మూడూ కలిపి రాయించుకుంటే చాలనేవాళ్లకి సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చేసింది, వాటితో టైటిల్, అంటే యాజమాన్య హక్కు, రాదని. ‘స్వాధీనం ఇచ్చేశారుగా’ అంటారు. 2001 సవరణ తర్వాత రాసుకున్న అగ్రిమెంటైతే, ఆ స్వాధీనాన్ని కాపాడుకోవడానికి కూడా అది రిజిస్టర్ అయి ఉండాలి.

రిజిస్ట్రేషన్ చేయించకపోవడానికి అమ్మేవాళ్లు చెప్పే కారణం ఖర్చు. తెలంగాణలో అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 40 లక్షల మీద 3 లక్షలు. ‘ఆ డబ్బుతో ఇంటీరియర్ చేయించుకో అన్నా, రిజిస్ట్రేషన్ తర్వాత చూద్దాం’ అంటారు. అసలు సంగతి చాలాసార్లు వేరే ఉంటుంది. ఆ స్థలం 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్టర్ చేయకూడని ఆస్తుల జాబితాలో ఉంటుంది, లేదా పేదలకిచ్చిన అసైన్డ్ పట్టా అయి ఉంటుంది. అసైన్డ్ అయితే 1977 చట్టం ప్రకారం అమ్మకమే చెల్లదు. అమ్మేవాళ్లు రిజిస్ట్రేషన్ చేయించకపోవడం కాదు, అసలు అవ్వదు.

ఒక కాస్ట్యూమరమ్మ చీరల కవర్లో కాగితాల కట్ట పట్టుకొచ్చింది. ఒకదాని వెనక ఒకటి నాలుగైదు నోటరీ అగ్రిమెంట్లు, అన్నీ వంద రూపాయల స్టాంపు పేపర్ల మీదే. హద్దులు రాసే షెడ్యూలు పేజీ తిప్పితే తూర్పున రోడ్డు, పడమర ‘నైబర్ ఇల్లు’, ఉత్తరాన మళ్లీ ‘నైబర్ ఇల్లు’. సర్వే నంబరు ఏ కాగితంలోనూ లేదు. అన్నిటికన్నా పాత అగ్రిమెంటులో అమ్మినాయన ‘నా స్వాధీనంలో ఉన్న ఇల్లు’ అని రాశాడు తప్ప తనకెలా వచ్చిందో రాయలేదు. ‘ఇంటి పన్ను రసీదుంది సార్, కరెంటు మీటరుంది’ అందామె. జీహెచ్‌ఎంసీ పన్ను వసూలు చేసుకుంటుంది, అంతమాత్రాన హక్కు రాసివ్వదు. మీటరూ అంతే. ఇచ్చింది అడ్వాన్సే కాబట్టి ముందు దాన్ని వెనక్కి అడగమన్నాను. ‘ఈ గల్లీలో అందరూ ఇలాగే కొన్నారమ్మా’ అన్నాడట అమ్మే ఆయన. అందులో అబద్ధం లేదు, అదే నా బాధ.

ఇప్పటికే కొనేసినవాళ్లు ఇది చదివి టెన్షన్ పడి ఎవరికో ఒకరికి అమ్మేయకండి. ఒరిజినల్స్ అన్నీ దగ్గర పెట్టుకుని ముందు టౌన్ సర్వే రికార్డులో ఆ స్థలం సర్కారీదో ప్రైవేటుదో చూపించుకోండి. ప్రైవేటుదైతే అసలు హక్కుదారునో వారసులనో వెతికి రిజిస్ట్రేషన్ చేయించుకునే దారి ఉంది. సర్కారీదైతే క్రమబద్ధీకరణ, అంటే అందులో ఉంటున్నవాళ్లకే సర్కారు హక్కు రాసివ్వడం, ఒక్కటే దిక్కు. దానికి కటాఫ్ తేదీ ఉంటుంది. 2014 చివర్లో ఇందుకోసం ప్రభుత్వం జీవో 58, 59 ఇచ్చినప్పుడు ఆ ఏడాది జూన్ 2 నాటికే స్థలంలో ఉన్నట్టు చూపించమన్నారు. తర్వాత తేదీ మార్చారు, మళ్లీ మారుస్తారన్న పుకారు ఎప్పుడూ ఉంటుంది. పుకారును నమ్మి కొత్తగా కొనకండి, అంతే నేను చెప్పేది.

అపోహ: 12 ఏళ్లు ఉంటే ఇల్లు మనదే. ఆ 12 ఏళ్ల లెక్క ప్రైవేటు స్థలానికే, సర్కారీ స్థలమైతే 30 ఏళ్లు. పైగా అగ్రిమెంటుతో యజమాని ఒప్పుకుని లోపల పెట్టినవాడు, అతనికే వ్యతిరేకంగా ఉంటున్నానంటే కోర్టు సులభంగా ఒప్పుకోదు.

అపోహ: ఈసీ క్లీన్‌గా ఉంది. ఈసీ అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. రిజిస్టర్ అయిన లావాదేవీలే అందులో కనిపిస్తాయి. నోటరీ ఇంటికి ఈసీ ఖాళీగా కాక ఇంకెలా వస్తుంది?

అపోహ: రెరా నంబరు లేకపోతే మోసమే. రెరా అంటే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల నియంత్రణ చట్టం. 500 చదరపు మీటర్లు దాటని స్థలానికి దాని రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన గల్లీల్లో వందేసి గజాల్లో లేచే ఇళ్లకి చూడాల్సింది మున్సిపాలిటీ అనుమతిచ్చిన ప్లాన్. ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్‌ని ఎంత అందంగా చూపించినా కొనకండి.

అపోహ: సినిమావాళ్లకి బ్యాంకు లోన్ ఇవ్వదు. జీతం స్లిప్ లేకపోయినా ఐటీఆర్‌లు (ఆదాయ పన్ను రిటర్నులు) చూసి బ్యాంకులు ఇస్తాయి. నటుల సంగతి సరే, ఎడిటర్, డైలాగ్ రైటర్, డ్రెస్ డిజైనర్ కూడా ఆదాయ పన్ను లెక్కలో ప్రొఫెషనల్సే. నగదు తీసుకుని రిటర్న్ వేయనివాళ్లకే తిప్పలు. పైగా బ్యాంకు లోన్ ఇచ్చేముందు టైటిల్ తన లాయరుతో చూపిస్తుంది. ఈ ఇంటికి లోన్ రాదు, క్యాషే కావాలి అని అమ్మేవాళ్లంటే, అక్కడే ఆగి ఎందుకు రాదో అడగండి.