నీళ్లలా పోతున్నా అది మలబద్ధకమే: కవలల పాటీ ట్రైనింగ్‌లో అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ వచ్చిందంటే విశాఖ మద్దిలపాలెంలోని మా క్లినిక్‌కి ఒక రకం కేసులు మొదలవుతాయి. జూన్‌లో ప్లేస్కూల్లో వెయ్యాలి, వాళ్లేమో డైపర్ మాన్పించి పంపమన్నారు, పిల్లలకి చూస్తే రెండున్నరేళ్లు. ఇంట్లో ఒక్కరే ఉంటే ఆ టెన్షన్ ఒక తీరు. కవలలైతే పక్కనే పోల్చడానికి ఇంకొకరు సిద్ధంగా ఉంటారు, అదీ గొడవ.

మొన్న వేసవిలో గాజువాక నుంచి ఒక కుటుంబం వచ్చింది. పాప, బాబు కవలలు. పాప నెల రోజుల్లో పాటీ (పిల్లల చిన్న టాయిలెట్ సీటు) మీద వెళ్లడం నేర్చేసుకుంది. బాబుకి వారం నుంచి లూజ్ మోషన్లు అన్నారు. రోజుకి ఏడెనిమిది సార్లు, చెడ్డీలో కొంచెం కొంచెంగా. నాయనమ్మ అన్నం మాన్పించి సగ్గుబియ్యం జావ మీద ఉంచింది. మెడికల్ షాపులో మోషన్లు ఆగే మందు కూడా కొనుక్కొచ్చి వేశారు. పొట్ట మీద చెయ్యి వేస్తే ఎడమ పక్క కింద గట్టిగా ముద్దలా తగిలింది. "ఇవి విరేచనాలు కావండీ, మలబద్ధకం" అన్నాను. ఆ పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏటమ్మా, నీళ్లలాగ పోతంటే బద్ధకం అంటావేటి?" అంది.

ఆవిడ అడిగినదాంట్లో తప్పు లేదు. చూసేవాళ్లకి అలాగే కనిపిస్తుంది. లోపల జరిగేది వేరు. పిల్లాడు ఏదో కారణంతో మోషన్‌ని ఆపుకుంటాడు. ఆపుకున్న కొద్దీ పెద్దపేగు అందులోని నీళ్లు లాగేస్తుంది, అది గట్టిపడి లావవుతుంది. ఎప్పుడో ఒకసారి బయటికొస్తే నొప్పి, ఒక్కోసారి చర్మం చీలి రక్తం. ఆ నొప్పి గుర్తుండిపోయి మళ్లీ ఆపుకుంటాడు. ఇలా వారాలు గడిస్తే మలాశయం సాగిపోయి, నిండిందన్న కబురే పిల్లాడికి సరిగా అందదు. పైనుంచి వచ్చే పల్చటి మలం ఆ గడ్డ పక్కనుంచి జారి చెడ్డీలో పడుతుంది. వాడికి తెలియకుండానే. దాన్ని మనం విరేచనాలంటాం, లేదంటే బద్ధకం, మొండితనం అని వీపు మీద రెండు వేస్తాం. అందులో మోషన్లు ఆపే మందు కూడా పోస్తే ఇక చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. సోఫా వెనక నిలబడి, కాళ్లు బిగించి, మునివేళ్ల మీద లేచి, మొహం ఎర్రగా చేసుకుంటాడు చూడండి. "పాపం, ముక్కుతున్నాడు, రావట్లేదు" అని అందరూ అనుకుంటారు. వాడు ముక్కడం లేదు. రాకుండా బిగబడుతున్నాడు. ఈ ఒక్కటి తెలిస్తే సగం ఇళ్లలో తిట్లు ఆగిపోతాయి.

అసలు ఆపుకోవడం ఎందుకు మొదలవుతుంది? కవలల ఇళ్లలో నేను ఎక్కువగా చూసేది ఇది: ఒకరు నేర్చుకున్నారు కాబట్టి రెండో వాళ్లనీ అదే వారం కూర్చోబెట్టేస్తారు, లేవనివ్వరు. "చెల్లి చూడు ఎంత మంచిదో" అని దానికి తోడు. ఫోన్లో వచ్చే "మూడు రోజుల్లో డైపర్‌కి టాటా" వీడియోలు ఇంకా ఆజ్యం పోస్తాయి. పిల్లాడి చేతిలో ఉన్న అధికారం ఒక్కటే, బిగబట్టడం. వాడు అదే వాడతాడు. కవలలైనా శరీరాలు రెండు. సాధారణంగా ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య ఎప్పుడైనా సిద్ధపడతారు, ఇద్దరి మధ్య నెలల తేడా వచ్చినా వింత లేదు. పైగా కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకుండానే పుడతారు. ఆ తేడాని లెక్కలో వేసుకోకుండా పక్కింటి పిల్లతో పోలిస్తే ఎలా?

ఇదంతా తెలిసిన నేను నా ఇంట్లో ఏం చేశానో కూడా చెప్పాలి. నాకూ కవలలే. ఫ్రిజ్ మీద చార్ట్ అంటించాను, పాటీలో వెళ్తే ఒక నక్షత్రం. వారం తిరిగేసరికి అమ్మాయి వరస నిండిపోయింది, అబ్బాయి వరసలో ఒక్కటీ లేదు. వాడు వాషింగ్ మెషీన్ వెనక్కి వెళ్లి నిలబడటం మొదలుపెట్టాడు. చివరికి మా అమ్మ ఆ చార్ట్ చింపి చెత్తబుట్టలో వేసి, "ఊళ్లో వాళ్లందరికీ చెబుతావు కదే" అంది. ఇంకేం మాట్లాడతాను.

సరే, చేయాల్సింది. ముందు ట్రైనింగ్ ఆపేయండి, ఒకటి రెండు నెలలు. డైపర్ అడిగితే వెయ్యండి, అదేం ఓటమి కాదు. లోపలి గడ్డ మెత్తబడి బయటికి రావడానికి మందు అవసరం, పొడి రూపంలో ఇచ్చే పాలీఇథిలీన్ గ్లైకాల్ గానీ, లాక్టులోజ్ సిరప్ గానీ. మోతాదు మీ డాక్టరే చెప్పాలి. "మందు అలవాటైపోతుందట" అన్న భయంతో పది రోజులకే మానేసి మళ్లీ మొదటికి వచ్చేవాళ్లే నాకు ఎక్కువ. ఇవి అలవాటు పడేవి కావు, సాగిన మలాశయం మామూలు సైజుకి రావడానికే నెలలు పడుతుంది. పాలు ఒక్కొక్కరికి రోజుకి అర లీటరు దాటనివ్వకండి. ఇద్దరికీ సీసాలతో లీటరున్నర పాలు పట్టించి "అన్నం తినరండీ" అనే తల్లులు వారానికొకరు వస్తారు. జామ, బొప్పాయి, ఆకుకూర పప్పు, నీళ్లు చాలు. మలద్వారంలో తమలపాకు తొడిమ ఆముదంలో ముంచి పెట్టడం, సబ్బు పుల్ల పెట్టడం మాత్రం వద్దు. అప్పటికి పనైనట్టుంటుంది, కానీ ఆ చోటంటేనే పిల్లలకి హడలు పుడుతుంది.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు భోజనం అయిన పావుగంట, అరగంటకి అయిదు నిమిషాలు కూర్చోబెట్టండి. కడుపులో ఆహారం పడగానే పెద్దపేగు కదులుతుంది, ఆ సమయం మనకి కలిసొస్తుంది. ఇద్దరూ ఒకేసారి తింటారు కాబట్టి ఇద్దరికీ ఒకేసారి వస్తుంది, అందుకని పాటీలు రెండు కొనండి, రంగులు వాళ్లనే ఎంచుకోనివ్వండి. వెస్టర్న్ కమోడ్ మీదైతే కాళ్లు గాల్లో వేలాడకూడదు. కింద చిన్న పీట వేసి మోకాళ్లు నడుము కంటే కాస్త ఎత్తులో ఉండేలా చూడండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. డైపర్ వేస్తే దొడ్డికాళ్లు వస్తాయా? రావు. మన విశాఖ ఉక్కపోతకి దద్దుర్లు వస్తాయి, అంతే, తరచూ మార్చండి. "మా రోజుల్లో ఏడాదికే అయిపోయేది" నిజమే, కానీ నేర్చుకున్నది పిల్ల కాదు, నాయనమ్మ. పిల్ల మొహం చూసి వేళ కనిపెట్టి కాళ్ల మీద కూర్చోబెట్టుకునేది. ఆ ఓపిక ఉన్న మనిషి ఇంట్లో ఉంటే ఇప్పుడూ చేయొచ్చు, తిట్టకుండా. మగపిల్లాడికి ముందే నిలబడి పోయడం నేర్పాలా? అక్కర్లేదు, రెండూ కూర్చునే నేర్చుకుంటాడు.

రాత్రి పక్క తడపడం వేరే లెక్క. పగటి అలవాటు వచ్చాక కూడా నెలలు, ఏళ్లు పట్టొచ్చు. అయిదేళ్ల లోపు దాన్ని మేము జబ్బుగా చూడం. నువ్వులుండలు పెడితే ఆగుతుందంటారు. పెట్టండి, కాల్షియం వస్తుంది, పక్క మాత్రం దాని వేళకి అదే ఆగుతుంది. అయితే నెలల తరబడి పొడిగా ఉన్న పిల్ల హఠాత్తుగా మళ్లీ తడుపుతూ, నీళ్లు విపరీతంగా తాగుతూ, చిక్కిపోతుంటే ఆ రోజే షుగర్ చూపించండి. జ్వరంతో మూత్రం మంట, పొట్ట ఉబ్బి వాంతులు, కాళ్లలో బలహీనత, పుట్టిన రెండు రోజుల దాకా మొదటి మలం పోలేదన్న చరిత్ర, వీటికీ నా పోస్టు చదువుతూ కూర్చోవద్దు.

గాజువాక బాబుకి మందు ఇంకా నడుస్తోంది. ఈ జూన్‌లో పాప ఒక్కతే స్కూలుకి వెళ్లింది.