టేపు చెప్పే మాట: బరువు తగ్గాక మోడలింగ్, ఫిట్‌నెస్ వృత్తిపై అపోహలు - వాస్తవాలు

ఏడేళ్ల క్రితం నా బరువు 97 కిలోలు. ఇప్పుడు 62. తగ్గడానికి 22 నెలలు పట్టింది. ఆ తర్వాత ఐదేళ్లుగా 61కీ 63కీ మధ్యనే ఉన్నాను. బరంపురంలో ఆడవాళ్ల జిమ్‌లో శిక్షకురాలిగా పనిచేస్తాను. పట్టుచీరల దుకాణాలకు, రెడీమేడ్ జాకెట్లు కుట్టే ఒక యూనిట్‌కు మోడల్‌గా వెళ్తాను. ఈ దారిలోకి రావాలనుకుని నన్ను కలిసే అమ్మాయిలందరూ ఆ 35 కిలోల గురించే అడుగుతారు. ఐదేళ్ల గురించి ఎవరూ అడగరు. నాకు అన్నం పెడుతున్నది మాత్రం ఆ ఐదేళ్లే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా మా గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే మా జిమ్‌లో నేటికీ తెలుగు, ఒడియా కలిసి వినిపిస్తాయి. కొందరు నన్ను అక్కా అంటారు, కొందరు నానీ అంటారు. అపోహలు మాత్రం రెండు భాషల్లోనూ అవే.

అపోహ: బరువు తగ్గితే చాలు, మోడలింగ్ అవకాశాలు వస్తాయి.

జాకెట్ల యూనిట్‌లో నా పని ఏమిటో చెబితే ఇది ఎందుకు తప్పో తెలుస్తుంది. కొత్త కొలతతో కుట్టిన నమూనా జాకెట్ నాకు వేస్తారు. నేను చేతులు పైకెత్తాలి, వంగాలి, కూర్చోవాలి, కొంగు సర్దుకున్నట్టు చెయ్యి వెనక్కి తిప్పాలి. చంక దగ్గర ఎక్కడ పడుతోందో, వీపు మీద ఎక్కడ ముడత వస్తోందో చెప్పాలి. దీన్ని ఫిట్ మోడలింగ్ అంటారు. ముఖం ఎక్కడా కనిపించదు. ప్రతి నెలా మొదటి వారంలో కటింగ్ మాస్టారు మెడలోని టేపు తీసి నా ఛాతీ, నడుము, చంక చుట్టు, చేతి చుట్టు కొలిచి పాత నోటు పుస్తకంలో పక్కపక్కన రాసుకుంటారు. అర అంగుళం తేడాకు ఏమీ అనరు. అంగుళం దాటితే ఆ నెల నమూనాలు నా మీద చూడరు. నా ఒంటికి సరిపోయిన కొలత పెట్టుకుని వందల జాకెట్లకు గుడ్డ కోస్తారు మరి. పెరిగినా తప్పే, తగ్గినా తప్పే.

మొదటిసారి ఆయన దగ్గరకు వెళ్లినప్పుడు నేను 71 కిలోలు. ఇంకా తగ్గుతున్నానని గర్వంగా చెప్పాను. ఆయన టేపు చుట్టి పక్కన పెట్టి, "అమ్మా, నీ ఒళ్లు ఇంకా కదులుతోంది. ఆగాక రా" అన్నారు. ఆ రోజు చిన్నబుచ్చుకున్నాను. ఇప్పుడు అదే మాట నేను పిల్లలకు చెబుతున్నాను. బరువు కనీసం ఆరు నెలలు ఒకచోట నిలిచాకే ఫొటోలకు డబ్బు పెట్టండి. అంతకు ముందు తీయించుకున్న ఫొటోలో ఉన్న మనిషి, పని ఇచ్చేవారి ముందు నిలబడే మనిషి ఒకరు కారు.

అపోహ: ఒకసారి తగ్గాక ఇక మామూలుగా తినవచ్చు.

బరువు బాగా తగ్గిన ఒంటికి శక్తి ఖర్చు కూడా తగ్గిపోతుంది. ఒళ్లు చిన్నదైనందుకు తగ్గాల్సిన దానికంటే కూడా ఎక్కువే తగ్గవచ్చు. అమెరికాలో ఒక టెలివిజన్ బరువు పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. చాలామందికి పోయిన బరువులో పెద్ద భాగం తిరిగి వచ్చింది. విశ్రాంతిలో వాళ్ల ఒళ్లు ఖర్చు చేసే శక్తి మాత్రం ఉండవలసిన దానికంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగానే ఉండిపోయింది. పోటీలో అతి వేగంగా తగ్గినవాళ్లు కాబట్టి అందరికీ అంత తేడా ఉంటుందని నేను అనను. కానీ బరువు తిరిగి వచ్చిన ప్రతి మనిషినీ బద్ధకస్తురాలు అనే నోళ్లు చూస్తే నాకు బాధ కలుగుతుంది. వాళ్లు ఎదురు ప్రవాహంలో ఈదుతున్నారు.

నేను చేసేది చెబుతాను. రోజూ ఉదయం బరువు చూసి రాసుకుంటాను, కానీ ఏ ఒక్క రోజు అంకెనూ పట్టించుకోను. వారం సగటు చూస్తాను. నెలసరి ముందు నీరు చేరి కిలో, కిలోన్నర పెరగడం మామూలే. వరుసగా మూడు వారాల సగటు పైకి పోతేనే పళ్లెంలో మార్పు చేస్తాను.

అపోహ: వ్యాయామం చేస్తే, నూనె మర్దన చేస్తే వదులు చర్మం బిగుసుకుంటుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది ఇదే. ఏళ్ల తరబడి సాగిన చర్మంలో, దాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు దెబ్బతింటాయి. వయసు, ఎన్నేళ్లు బరువు మోశాం, పొగ తాగడం, ఎండ, ఇవన్నీ కలిసి ఎంత వెనక్కి వస్తుందో నిర్ణయిస్తాయి. బరువులెత్తితే కండరం పెరిగి చర్మం కింది ఖాళీ కొంత నిండుతుంది. చేతులకు, తొడలకు ఆ తేడా కనిపిస్తుంది. పొట్ట చర్మానికి అంతగా కనిపించదు. ఏ క్రీమూ వేలాడే మడతను లోపలికి తీసుకుపోలేదు.

శస్త్రచికిత్స ఒక మార్గమే. బరువు నిలకడగా ఉన్నాకనే వైద్యులు చేస్తారు. పొట్ట మడత తీస్తే ఒక తుంటి నుంచి మరో తుంటిదాకా మచ్చ ఉంటుంది. దాన్ని చూసుకుని మెచ్చుకున్నవాళ్లూ తెలుసు, వద్దని ఊరుకున్నవాళ్లూ తెలుసు. నేను చేయించుకోలేదు.

ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మా దగ్గర గోపాల్‌పూర్ తీరం నుంచి వచ్చే సముద్రపు గాలి, చెమట. మడతల మధ్య తడి ఆగితే ఎర్రబడి మంట పుడుతుంది, పుండు కూడా పడుతుంది. స్నానం తర్వాత మెత్తటి నూలు గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరాకే బట్ట వేసుకోవాలి. మూడు నాలుగు రోజుల్లో తగ్గకపోతే చర్మ వైద్యులకు చూపించాలి. సిగ్గుతో దాచుకుని ముదరబెట్టుకున్న వాళ్లను ఎంతమందినో చూశాను.

అపోహ: బరువులెత్తితే ఆడవాళ్ల ఒళ్లు మగవాళ్లలా తయారవుతుంది.

2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం, 2014 గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో రజతం తెచ్చిన కె. రవికుమార్‌ది మా బరంపురమే. అలాంటి ఊళ్లో కూడా ఆడపిల్ల బార్‌బెల్ పట్టుకుంటే తల్లులు కంగారు పడతారు. కండరాన్ని పెంచే టెస్టోస్టిరాన్ హార్మోను పురుషుల్లో స్త్రీల కంటే సుమారు 15 రెట్లు ఎక్కువ. వారానికి మూడు రోజుల బరువులతో ఆ తేడా చెరిగిపోదు. తిండి మాత్రమే తగ్గించి సన్నబడితే పోయిన బరువులో దాదాపు నాలుగో వంతు కొవ్వు కాక కండరం వంటివే కావచ్చు. అది పోకుండా కాపాడుకోవడానికే బరువులు.

అపోహ: అన్నం మానేయాలి.

నేను మానలేదు. మధ్యాహ్నం కొలిచిన ఒక గిన్నె అన్నం, వేసవిలో అదే పఖాళ, అంటే నీళ్లలో నానబెట్టిన అన్నం. వండిన అన్నం 100 గ్రాములకు 130 కేలరీలు ఉంటాయి. లోపం అన్నంలో లేదు, పక్కన పప్పూ చేపా లేకపోవడంలో ఉంది. భారతీయులకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు సిఫార్సు. బరువులెత్తేవాళ్లకు 1.6 గ్రాముల దాకా పనికొస్తుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం వైద్యుల్ని అడగకుండా పెంచకూడదు.

అపోహ: షూటింగ్‌కు ముందు రోజు నీళ్లు మానేస్తే ఒళ్లు చెక్కినట్టు కనిపిస్తుంది.

మేడ మీది గదిలో, కిటికీలన్నీ మూసి, లైట్ల కింద జరీ చీర కట్టుకుని నాలుగు గంటలు నిలబడిన రోజు ఆ సలహా పాటించి కళ్లు తిరిగి పడ్డాను. చెప్పినాయన పేరున్న శిక్షకుడు. ఆ సలహాతో పాటు నీరు పోయే మాత్రలు కూడా ఇవ్వబోయాడు. అవి క్రీడల్లో నిషిద్ధ పదార్థాల జాబితాలో ఉన్నాయి. వాటితో ఒంట్లో పొటాషియం తారుమారైతే గుండె లయ తప్పవచ్చు. ఏ ఫొటో కోసమూ ఆ పని చేయకండి. మరీ బక్కచిక్కిన మోడళ్లు కావాలనే మోజుకు ఫ్యాషన్ రంగంలోనే అడ్డుకట్టలు పడ్డాయి. 2006లో మాడ్రిడ్ ఫ్యాషన్ ప్రదర్శన బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే అంకె) 18 కంటే తక్కువ ఉన్నవాళ్లను వద్దంది. 2012లో ఇజ్రాయెల్ 18.5 ఉండాలని చట్టమే చేసింది.

అపోహ: నేను తగ్గాను కాబట్టి ఎవరినైనా తగ్గించగలను.

కొత్తలో నేనూ ఇలాగే అనుకున్నాను. నాకు ఉదయం ఫలహారం మానడం కలిసొచ్చింది. అదే యాభై ఏళ్లు దాటిన ఒక పిన్నికి చెప్పాను. మూడో రోజు ఆమె మెట్టు ఎక్కి దిగే వ్యాయామం చేస్తూ ఆగిపోయింది. పెదవులు వణుకుతున్నాయి. నుదుటి మీద చెమట, పట్టుకుంటే చెయ్యి చల్లగా ఉంది. నేను అడిగినదానికి మాట తడబడుతోంది. పక్కనున్న నర్సు అమ్మాయి పరుగున వచ్చి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించింది. పావుగంటకు పిన్ని తేరుకుంది. ఆమె ఉదయం మాత్ర చక్కెర వ్యాధికి వేసుకునేది. మాత్ర మామూలుగా వేసుకుని, నా మాట విని తిండి మానేసింది. దాంతో రక్తంలో చక్కెర పడిపోయింది. అడగవలసింది నేను. అడగలేదు.

ఆ తర్వాతే గుర్తింపు ఉన్న శిక్షణ కోర్సు చదివాను, గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్ నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరు చేరినా మొదటి రోజు వ్యాయామం ఉండదు. కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటాం. ఏ మాత్రలు వాడుతున్నారు, రక్తపోటు ఎంత, మోకాళ్లు ఎలా ఉన్నాయి, నెలసరి క్రమంగా వస్తోందా, పీసీఓఎస్ అనే అండాశయ సమస్య ఉందా, ఏ ఆపరేషన్లు అయ్యాయి. మందులు వాడేవాళ్ల తిండి మార్చేముందు వైద్యుల మాట తీసుకురమ్మంటాను. వారానికి కిలోన్నర దాటి తగ్గాలని పట్టుబట్టేవాళ్లకు పిత్తాశయంలో రాళ్ల ముప్పు చెబుతాను, రెండు మూడు నెలల తర్వాత జుట్టు గుత్తులుగా రాలవచ్చనీ చెబుతాను. అది విని వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. వెళ్లనిస్తాను.

అపోహ: సూదితోనో ఆపరేషన్‌తోనో తగ్గినవాళ్లు ఫిట్‌నెస్ రంగానికి పనికిరారు.

ఊబకాయం జబ్బు, దానికి వైద్యం చేయించుకోవడం దొంగతనం కాదు. కానీ ఆ సంగతి దాచి, నా వ్యాయామంతోనే తగ్గానని డబ్బు తీసుకుంటే అది మోసం. బరువు తగ్గించే సూది మందు సెమాగ్లూటైడ్ ఆపినవాళ్లలో ఏడాదిలోపే, తగ్గిన బరువులో దాదాపు మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని పరిశోధనలో తేలింది. ఆపరేషన్ అయినవాళ్లకు బీ12, ఇనుము వంటివి జీవితాంతం చూసుకోవాలి. ఇవి తెలిసి, నిజం చెప్పే శిక్షకులు మాకు కావాలి.

అపోహ: మోడల్ కావాలంటే ముందు ఏజెన్సీకి డబ్బు కట్టాలి.

పెద్ద నగరం నుంచి వచ్చిన ఒకరికి రిజిస్ట్రేషన్ అని 18,000 కట్టాను. మళ్లీ ఫోను ఎత్తలేదు. పని ఇప్పించే ఏజెన్సీ మీ సంపాదనలో వాటా తీసుకుంటుంది, ముందుగా మీ జేబులోంచి కాదు. మొదటి ఫొటోలకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. కిటికీ వెలుతురు, తెల్లగోడ, ఒంటికి అతుక్కునే సాదా బట్టలు, వెనక్కి కట్టిన జుట్టు, మేకప్ లేని ముఖం. ఎదురుగా, పక్కగా, నిలువెత్తున తీసుకోండి. నిజమైన ఎత్తు, కొలతలు రాయండి. పని ఒప్పుకునేటప్పుడు ఆ ఫొటోలు ఎక్కడ, ఎంతకాలం వాడతారో కాగితం మీద రాయించుకోండి. దుకాణంలో గోడకు పెట్టడానికి, నాలుగు రోడ్ల కూడలిలో హోర్డింగ్‌కు ఒకే ధర ఉండదు. ర్యాంప్ నడకకు ఎత్తు అడుగుతారు, అది మన చేతిలో లేదు. చీర, నగ, కేటలాగు, ఫిట్ మోడలింగ్ పనులకు అంత పట్టింపు ఉండదు. 2012లో భౌగోళిక గుర్తింపు పొందిన బరంపురం పట్టు నేసే ఊళ్లో ఉండి ముంబయి వెళ్తేనే బతుకు అనుకోనవసరం లేదు.

అపోహ: ముందు, తర్వాత ఫొటోలే మన పెట్టుబడి.

నిలబడే తీరు, లైటు, ఊపిరి బిగబట్టడం, ఈ మూడింటితో ఒకే రోజు రెండు ఒళ్లు చూపించవచ్చు. నా దగ్గర తగ్గినవాళ్ల ఫొటోలు వాళ్లు సంతకం పెట్టి ఒప్పుకుంటేనే పెడతాను, వద్దంటే తీసేస్తాను. ఒక పొడి అమ్మేవారు డబ్బా పట్టుకుని నా 35 కిలోలూ దానితోనే పోయాయని చెప్పమన్నారు. మందుతో ఊబకాయం పోగొడతామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. డబ్బుగానీ సరుకుగానీ తీసుకుని ప్రచారం చేస్తే ఆ మాట స్పష్టంగా చెప్పాలని 2023లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ డబ్బా నేను పట్టుకోలేదు.

నిరుడు పండుగ ముందు ఒక చీరల షూటింగ్‌లో ఫొటోగ్రాఫర్ కంప్యూటర్ తెర మీద నా మోచేతి పైభాగాన్ని పెద్దది చేసి చూపించాడు. జాకెట్ అంచు కింద చర్మం మెత్తగా, సన్నటి తెల్లని చారలతో జారి ఉంది. "అక్కా, ఇది నున్నగా చేసేస్తాను" అన్నాడు. ఫ్రాన్స్‌లో 2017 నుంచి మోడల్ ఒంటి ఆకారాన్ని సన్నంగానో లావుగానో మార్చిన ప్రకటనల మీద మార్చామని రాయాలి. మన దగ్గర ఆ నియమం లేదు, అతను అడగడమే మర్యాద. దుకాణం యజమానురాలు కుర్చీ దగ్గరకు లాక్కుని చాలాసేపు చూశారు. "మా దగ్గర చీరలు కొనే ఆడవాళ్ల చేతులు ఇలాగే ఉంటాయి బాబూ, ఉంచెయ్" అన్నారు. ఆ ఫొటో దసరా దాకా దుకాణం గుమ్మంలో ఉంది.