కాలువ పక్క బడికి ఒక నోటుపుస్తకం

పిల్లలూ,

జూన్ 5న, పర్యావరణ దినోత్సవం రోజున, బడిలో మొక్క నాటి ఫొటో దిగుతారు కదా. ఆ మొక్క ఆగస్టులో ఎలా ఉందో ఎంతమంది చెప్పగలరు? పర్యావరణం పాఠంగా ఉండాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. 2001-02లో జాతీయ హరిత దళం కింద బడుల్లో ఎకో క్లబ్బులు మొదలయ్యాయి. పాఠానికీ క్లబ్బుకూ లోటు లేదు. ఒకే చోటును ఏడాది పొడుగునా చూసే ఓపికే మనకు కరువు. మీ బడి పక్క కాలువను చూసి, కొలిచి, ఒక నోటుపుస్తకంలో రాస్తూ దాన్ని మొదలుపెట్టండి.

ముందు అది కాలువో డ్రెయినో తేల్చుకోండి. గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే సాగునీటి కాలువ మెరకన పారుతుంది. డ్రెయిను పల్లంలో ఉండి, చేలల్లో మిగిలిన నీటిని సముద్రం వైపు తీసుకుపోతుంది. రెండింటినీ కలిపి రాస్తే ఆ అంకెలు దేనికీ పనికిరావు.

నీళ్ళలో ఎంత లోతు దాకా కనిపిస్తుందో కొలవడానికి 1865లో ఇటలీకి చెందిన సెక్కి అనే ఆయన ఒక పళ్ళాన్ని వాడాడు. మీరూ చేసుకోవచ్చు. పాత బకెట్ మూతలోంచి 20 సెంటీమీటర్ల వెడల్పున గుండ్రంగా కత్తిరించండి. అడ్డంగా, నిలువుగా గీత గీసి నాలుగు భాగాలు చేసి, ఒకటి తెలుపు, పక్కది నలుపు, అలా మార్చి మార్చి ఎనామిల్ పెయింటు వెయ్యండి. మధ్యలో చిల్లు పెట్టి తాడు దూర్చి, అడుగున పెద్ద ఇనప నట్లు నాలుగైదు కట్టండి. బరువు చాలకపోతే మూత తేలుతుంది. తాడును ఒక పూట నానబెట్టి, లాగి ఆరబెట్టాకే 10 సెంటీమీటర్లకొక రంగు దారం కట్టండి. కొత్త తాడు తడిస్తే పొడుగు మారుతుంది. ముందే గుర్తులు పెట్టుకుంటే లెక్క తప్పుతుంది.

మాస్టారు పక్కన ఉన్నప్పుడే, వంతెన మీద పిట్టగోడ దగ్గర నిలబడి కొలవండి. పాచి పట్టిన రేవు మెట్ల మీదికి మాత్రం దిగొద్దు. ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు లోపు, మీ నీడ పడే వైపు నుంచి పళ్ళాన్ని వదలండి. అది నీటిని తాకినప్పుడు తాడు మీద ఒక గుర్తు, కనపడకుండా పోయినప్పుడు ఇంకోటి. రెంటి మధ్య దూరం 42 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. పైకి లాగుతుంటే మళ్ళీ 38 దగ్గర కనిపిస్తే, 40 అని రాయండి. నీటి వడికి తాడు ఏటవాలుగా పోతే లోతు ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు ఇంకో రెండు నట్లు కలపండి. పళ్ళెం అడుగు తగిలినా ఇంకా కనపడుతుంటే అంకె వెయ్యొద్దు. "అడుగు దాకా కనిపించింది" అనే రాయండి. మార్కుల కోసం పోయినవారం అంకెను మార్చి రాసేవాళ్ళు కూడా ఉంటారు. అది మీరు చెయ్యరులెండి.

వరదల రోజుల్లో ఎర్రనీరు వస్తే అంకె ఒక్కసారిగా పడిపోతుంది. అది ఒండ్రు, మురుగు కాదు. అలాగే తేటగా ఉన్నంత మాత్రాన నీరు మంచిదనుకోవద్దు. కరిగిన యూరియా, ఉప్పు కంటికి కనపడవు. అందుకని నోటుపుస్తకంలో వాసనకు, రంగుకు, చేపలకు తలా ఒక గడి వెయ్యండి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయని చేపలవాళ్ళో, పాలవాళ్ళో చెబితే రాసుకోండి. రాత్రంతా నాచూ జీవులూ ఆక్సిజన్‌ను వాడేస్తాయి. ఎండ లేదు కాబట్టి కొత్తది పుట్టదు. అందుకే తెల్లారేసరికి లోటు ఎక్కువగా ఉంటుంది.

గుర్రపుడెక్క కమ్మేసిన చోట ఇదే జరుగుతుంది. కింద వెలుతురు ఉండదు, కుళ్ళిన ఆకు ఆక్సిజన్‌ను తినేస్తుంది. అనుకూలమైన రోజుల్లో గుర్రపుడెక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంది. కూలీలు తీసి గట్టున వేసినదాంతో మీ బడి గుంటలో ఎరువు చెయ్యొచ్చు. అందులో తొంభై శాతానికి పైగా నీరే. మూడు నాలుగు రోజులు ఎండబెట్టకుండా గుంటలో వేస్తే గాలాడక కంపు కొడుతుంది. ఎండాక చిన్నగా నరికి, ఒక వరస డెక్క, ఒక వరస పేడ, ఎండుటాకులు వెయ్యండి. పూత, కాయ ఉన్న వాటిని పక్కన పారెయ్యండి, కాలువలోకి మాత్రం కాదు. ఆ గింజలు ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి.

వేసవిలో కాలువ కట్టేశాక కూడా పుస్తకం మూసెయ్యొద్దు. అడుగు బయటపడ్డాక గట్టు మీదినుంచే పది మీటర్ల మేర ఏమున్నాయో విడివిడిగా లెక్కపెట్టండి: పాల ప్యాకెట్లు, సీసాలు, పాత చెప్పులు, పూజ సామాను సంచులు. బురదలోకి దిగొద్దు, లోతు తెలియదు. మళ్ళీ నీళ్ళు వదిలేలోపు ఆ పేజీ పూర్తవ్వాలి.

మీ తాతయ్య